గుమ్మంలో సోఫా ఇరుక్కుంటే: తలుపు తీయాలా, సోఫా విప్పాలా, కిటికీలోంచి ఎక్కించాలా?

మా సోఫా కాళ్లు మర తిప్పితే ఊడి వస్తాయన్న సంగతి దాని మీద ఐదేళ్లు కూర్చున్నా మాకు తెలియలేదు. ఇల్లు మారిన రోజు తెలిసింది. అదీ ముగ్గురు మనుషులు ముప్పావు గంట తోసి, ద్వారబంధానికున్న గొళ్లెం పట్టీ తగిలి సోఫా వెనక గుడ్డ జానెడు చిరిగాక. మాకు తక్కువైంది 7 సెంటీమీటర్లు. కాళ్ల పొడవు 12. టేపు జేబులోనే ఉంది, తీసి కొలవాలని ఒక్కరికీ తోచలేదు.

అప్పట్నుంచి ఎవరైనా "సోఫా పెద్దది, గుమ్మం చిన్నది, ఏ పద్ధతి మంచిది?" అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే: ఎన్ని సెంటీమీటర్లు తక్కువ? ఒకటి రెండు తక్కువైతే చేసే పని వేరు, ఐదు తక్కువైతే వేరు, ఇరవై అయితే పూర్తిగా వేరు. ఆ అంకె తెలియకుండా పద్ధతుల మీద వాదించుకోవడం దండగ. దాని వెంటే ఇంకో ప్రశ్న: చేసిన పనిని సాయంత్రానికల్లా మళ్లీ మామూలు చేయగలమా? తలుపు తీసి మళ్లీ బిగించవచ్చు. కోసిన చెక్క ఫ్రేము మళ్లీ అంత గట్టిగా రాదు. ఈ రెండు ప్రశ్నలూ కలిపి చూస్తే చాలా ఇళ్లలో సమాధానం దానంతట అదే తేలిపోతుంది.

ముందు గుమ్మాన్ని కొలవండి

"మాది 90 తలుపు" అనే మాటను నమ్మొద్దు. ఆ 90 ఒకచోట ద్వారబంధం బయటి కొలత, ఇంకోచోట తలుపు రెక్క కొలత. మనకు కావలసింది వస్తువు నిజంగా దూరే ఖాళీ. తలుపు పూర్తిగా తెరిచి, రెక్క లోపలి ముఖం నుంచి ఎదుటి వైపు ద్వారబంధం అంచు దాకా టేపు పెట్టండి. పైన, నడుమ, కింద మూడు చోట్లా కొలిచి అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. పాత ఇళ్లలో ద్వారబంధం వంగి మూడు కొలతలూ మూడు రకాలుగా రావడం మామూలే. తలుపు పిడి 5, 6 సెం.మీ. ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా రాయండి. గడప నుంచి పై కమ్మీ దాకా ఎత్తు కూడా కావాలి.

రెండు రెక్కల తలుపైతే, ఎప్పుడూ మూసి ఉండే రెండో రెక్కకు పైనా కిందా గడియలు ఉంటాయి. ఏళ్ల తరబడి తీయక దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంటాయి గానీ, వస్తాయి. ఆ రెక్క ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయి సోఫా విప్పినవాళ్లను చూశాను.

సోఫాకు మూడు కొలతలు చాలవు

పొడవు, లోతు, ఎత్తు అందరూ కొలుస్తారు. నిజానికి సోఫా దూరుతుందో లేదో చెప్పేది నాలుగో కొలత. వీపు భాగం పై అంచు నుంచి సోఫా చేతి (మోచెయ్యి ఆనించే భాగం) ముందు అంచు దాకా ఒక తిన్నని కర్రను ఏటవాలుగా ఆనించండి. ఇప్పుడు సోఫా వెనక అడుగు మూల నుంచి ఆ కర్రకు నిటారుగా ఎంత దూరమో చూడండి. దీన్ని ఐమూల లోతు అందాం. సోఫాను వాల్చి పట్టుకున్నప్పుడు గుమ్మంలో అది ఆక్రమించే వెడల్పు ఇదే.

ఒక లెక్క చూడండి. లోతు 95, వీపు ఎత్తు 85, చేతుల ఎత్తు 60 ఉన్న సోఫాకు ఐమూల లోతు సుమారు 82 సెం.మీ. అన్నీ అలాగే ఉండి చేతుల ఎత్తు 45 అయితే అది 78కి దిగుతుంది. గుమ్మం ఖాళీ 80 అనుకోండి. షాపులో పక్కపక్కన ఒకేలా కనిపించే ఈ రెండు సోఫాల్లో ఒకటి లోపలికి వస్తుంది, ఒకటి రాదు. ఇక 60 ఎత్తు చేతులున్న సోఫాకే 12 సెం.మీ. కాళ్లు తీసేస్తే ఐమూల లోతు 71 దగ్గరకు వచ్చేస్తుంది. మా ఇంట్లో ముప్పావు గంట కుస్తీకి సమాధానం ఇదే.

వీపు వెనక్కి వాలి ఉండే సోఫాలకు ఈ లెక్క కాస్త మారుతుంది. అందుకే కాగితం మీద వేసుకోవడం కంటే కర్ర పెట్టి కొలవడమే మేలు.

పట్టుకునే తీరు మార్చడం

పైసా ఖర్చు లేనిది, ఏదీ విప్పక్కర్లేనిది, అందుకే మొదటిది. పొడవాటి సోఫాను దాని ఒక పక్క చేతి మీద నిలువుగా నిలబెట్టి, కూర్చునే వైపు గుమ్మానికి ఎదురుగా ఉండేలా తిప్పి, వీపు భాగం ద్వారబంధం చుట్టూ మెలి తిరిగేలా నెమ్మదిగా లోపలికి పంపాలి. చేతులు లేని కుర్చీ అయితే ఇది ఇంకా తేలిక: ముందు వీపు దూర్చి, ద్వారబంధాన్ని చుట్టి తిప్పితే కూర్చునే భాగం వెనకాలే వస్తుంది. సోఫా పొడవు గుమ్మం ఎత్తు కంటే ఎక్కువగా ఉంటే, పై కొసను మీ వైపు వాల్చి కింది కొసను ముందు గడప దాటించి, లోపల మళ్లీ నిలబెట్టాలి. దీనికి గుమ్మానికి రెండు వైపులా చోటు ఉండాలి.

నిలబెట్టే ముందు పైకప్పు చూసుకోండి. 220 పొడవు, 95 లోతు ఉన్న సోఫాను పడుకోబెట్టిన స్థితి నుంచి లేపేటప్పుడు మధ్యలో దానికి కావలసిన ఎత్తు 220 కాదు, దాదాపు 240. పైకప్పు అంతకంటే తక్కువైతే ఆ మూల సీలింగుకు గీసుకుంటుంది. వార్డ్‌రోబులకూ ఇదే ఇబ్బంది. 210 ఎత్తు, 60 లోతు ఉన్నదాన్ని లేపాలంటే 218 కావాలి. కప్పు 215 ఉంటే, నిలబడ్డాక సరిపోయే వార్డ్‌రోబు కూడా లేవనే లేవదు.

నిలబెట్టడం వల్ల అసలు లాభం గుమ్మంలో కంటే కారిడార్ మలుపులో ఎక్కువ. ఒకే వెడల్పున్న రెండు కారిడార్లు లంబంగా కలిసే మలుపులో ఎంత పొడుగు వస్తువు తిరుగుతుందో ఇలా లెక్క వేయండి: కారిడార్ వెడల్పును 1.41తో గుణించండి, వస్తువు లోతు తీసేయండి, మిగిలినదాన్ని రెట్టింపు చేయండి. మీటరు వెడల్పు కారిడార్‌లో 95 లోతున్న సోఫాకు వచ్చే సమాధానం 92 సెం.మీ. అంటే 210 పొడవు సోఫా మామూలుగా పట్టుకుంటే తిరగడం కల్ల. అదే సోఫాను నిలబెడితే నేల మీద దాని జాగా 95 కి 85. ఇక తిప్పే పనే లేదు. ముందుకు జరిపి, తర్వాత పక్కకు జరిపితే చాలు.

గణిత శాస్త్రజ్ఞులు దీన్ని సరదాకి తీసుకోలేదు. మీటరు వెడల్పు కారిడార్‌లో లంబంగా ఉన్న మలుపు తిరగగల అతి పెద్ద సోఫా ఎంత అని లియో మోజర్ 1966లో ప్రశ్న వేశాడు. 1992లో జోసెఫ్ గెర్వర్ పాత టెలిఫోన్ రిసీవర్‌లా ఉండే ఒక ఆకారం చూపించాడు, వైశాల్యం సుమారు 2.2195 చదరపు మీటర్లు. అంతకంటే పెద్దది కుదరదని నిరూపిస్తూ జినియన్ బెక్ 2024లో ఒక పత్రం బయట పెట్టాడు. ఇన్నేళ్లు పట్టిన ఆ లెక్కలో సోఫా నేల మీంచి లేవకూడదు, వాలకూడదు. మనకు ఆ నియమం లేదు, అదే మన అదృష్టం.

కాళ్లు, దిండ్లు, పిడి

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సోఫాను వెనక్కి పడుకోబెట్టి కాళ్లను చేత్తో తిప్పి చూడండి. తిరక్కపోతే స్క్రూలు ఎక్కడున్నాయో చూడండి, అడుగున నల్ల గుడ్డ ఉంటే దాని అంచు కొద్దిగా లేపితే కనబడతాయి. రిక్లైనర్ అయితే చాలావాటికి వీపు భాగం విడిగా వస్తుంది. వెనక కింది వైపు చెయ్యి పెడితే రెండు పక్కలా మీటల్లాంటివి తగులుతాయి, వాటిని పైకి లేపి వీపును పైకి లాగాలి. మోటారున్నదైతే ముందు వైరు ప్లగ్గు తీయండి. తలుపు పిడి రెండు స్క్రూల పని. కొత్త వస్తువైతే అట్టపెట్టె, థర్మోకోల్ గుమ్మం బయటే తీసేయండి. ప్యాకింగే కొన్ని సెంటీమీటర్లు తింటుంది.

తలుపు రెక్క తీయడం

5 సెం.మీ. లోపు తేడాకు నా ఓటు దీనికే. రెక్క మందం 3 నుంచి 4.5 సెం.మీ. ఉంటుంది. లంబంగా తెరుచుకుని అక్కడితో ఆగిపోయే తలుపు ఆ మందాన్నంతా గుమ్మం ఖాళీలోంచే తీసుకుంటుంది. రెక్క తీస్తే అదీ, పిడీ రెండూ దారిలోంచి పోతాయి. సోఫా విప్పడానికి పట్టే సమయంలో నాలుగో వంతు కూడా పట్టదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఒక మెలిక ఉంది. తలుపు వెనక్కి పూర్తిగా మడిచి గోడకు ఆనుకుంటే రెక్క అప్పటికే దారిలో లేనట్టు. దాన్ని తీసినా ఒక్క సెంటీమీటరు కూడా పెద్దగా కలిసి రాదు. అందుకే తీసే ముందు టేపు పెట్టి, ద్వారబంధం నుంచి ద్వారబంధానికి ఎంతో, రెక్క నుంచి ద్వారబంధానికి ఎంతో రెండూ చూసుకోండి. రెండిటికీ తేడా లేకపోతే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి.

తీసే పద్ధతి: రెక్క కింద చెక్క చీలికలు గానీ పాత పుస్తకాలు గానీ బిగించి బరువు వాటి మీద పడేలా చేయాలి. బందులకు మేకులాంటి పిన్ను ఉంటే కింద నుంచి చిన్న మేకు ఆనించి సుత్తితో తడితే పైకి వస్తుంది. పిన్ను రాని రకమైతే ద్వారబంధం వైపు స్క్రూలు విప్పాలి. ముందు కింది బందు, తర్వాత నడిమిది, ఆఖరున పైది. పైది ముందు తీస్తే రెక్క మీ మీదికి ఒరుగుతుంది. గట్టి చెక్క తలుపు చాలా బరువు, ఒక్కరే చేసే పని కాదిది. స్క్రూ గాడిలో పెయింటు నిండిపోయి ఉంటే ముందు దాన్ని గీకి శుభ్రం చేయండి. లేకపోతే గాడి చెడి అసలు పని కంటే ఆ ఒక్క స్క్రూ టెన్షనే ఎక్కువవుతుంది.

ఇంకో సెంటీమీటరు రెండు కావాలంటే, తలుపు వచ్చి ఆనే సన్నటి పట్టీ వైపు చూడండి. ద్వారబంధం మీద విడిగా కొట్టిన పట్టీ అయితే జాగ్రత్తగా లేపి తీయవచ్చు, మళ్లీ కొట్టవచ్చు. ద్వారబంధం చెక్కలోనే గాడిగా చెక్కి ఉంటే దాని జోలికి వెళ్లొద్దు.

వస్తువును విప్పడం

తలుపు తీయడానికీ వస్తువు విప్పడానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే వస్తువు దేనితో చేశారో చూడండి. బోల్టులతో బిగించిన టేకు మంచం ఎన్నిసార్లు విప్పినా ఏమీ కాదు, దాన్ని మొయ్యాలంటే విప్పడమే మంచిది. డైనింగ్ టేబుల్ కాళ్లు తీస్తే మిగిలేది ఒక పలక, నిలువుగా పట్టుకుంటే 4 సెం.మీ. మందం. ఏ గుమ్మమైనా దానికి ఎక్కువే. గాజు పలకనూ రాతి పలకనూ మాత్రం ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే మొయ్యాలి. పడుకోబెట్టి మోస్తే సొంత బరువుకే నడుమ పగలవచ్చు.

పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) వార్డ్‌రోబు సంగతి వేరు. దానిలో స్క్రూ పట్టు మొదటిసారి ఉన్నంత రెండోసారి ఉండదు, మూడోసారికి రంధ్రం పొడి పొడిగా రాలుతుంది. ఒకసారి విప్పిన దాన్ని మళ్లీ విప్పడం కంటే తలుపు తీసి నిలువునా తేవడం నయం. విప్పక తప్పకపోతే వెనక పల్చటి బోర్డు తీశాక మిగిలిన చట్రాన్ని ఎత్తి జరపొద్దు. ఆ బోర్డే దాన్ని మూలలు తప్పకుండా పట్టి ఉంచుతుంది. అది లేని చట్రం పక్కకు ఒరిగి కీళ్లన్నీ వదులైపోతాయి. పూర్తిగా పలకలు చేసేయండి, లేదా అసలు ముట్టుకోకండి.

జిగురుతో అతికించిన కుర్చీలు, పాత చెక్క బీరువాలు విప్పే ప్రయత్నం చేయకండి. ఏ కీలు దగ్గర కొట్టినా చెక్కే చీలుతుంది.

విప్పే ముందు నాలుగు ఫోటోలు తీసి, స్క్రూలన్నీ ఒక సంచిలో వేసి ఆ సంచిని వస్తువుకే టేపుతో అంటించండి. వేరే డబ్బాలో భద్రంగా పెట్టిన స్క్రూలు ఎప్పటికీ దొరకవు. ఇది నా సొంత అనుభవం.

కిటికీ, బాల్కనీ

తేడా 15, 20 సెం.మీ. ఉండి, వస్తువు విప్పరానిదైతే మిగిలే మర్యాదైన దారి ఇదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువల పక్కన పాత ఇళ్లకు మెట్లు మరీ ఇరుకు, నిటారు. అక్కడ ఇంటి ముందు వైపు శిఖరం దగ్గర ఒక దూలం, దానికి కొక్కెం ఉంటాయి. సామాన్లు తాడు కట్టి కిటికీలోంచి లోపలికి లాగడానికే ఆ ఏర్పాటు. మన ఇళ్లకు అలాంటి దూలం ఉండదు. బాల్కనీ రెయిలింగు మనుషులు ఆనుకోవడానికి కట్టింది, దానికి తాడు వేసి సోఫా లాగడానికి కాదు.

కింది అంతస్తు పెద్ద కిటికీ అయితే, కమ్మీలు లేకపోతే, గాజు రెక్కలు తీసి నలుగురు కలిసి అందించుకోవచ్చు. జారుడు రెక్కలు పైకి లేపి కింది అంచు పట్టాలోంచి బయటికి వంచితే వస్తాయి. మొదటి అంతస్తు నుంచి ఆ పై వాటికి మాత్రం లిఫ్టింగ్ యంత్రం ఉన్నవాళ్లనే పిలవండి. ఎత్తు మీద బరువు ఒక్కటే కాదు, గాలి కూడా ఉంటుంది. వార్డ్‌రోబు పలకకు గాలి తగిలితే తెరచాపే. అంత ఖర్చూ రిస్కూ ఆ వస్తువుకు తగునా అన్నది మీరే తేల్చుకోవాలి. మామూలు సోఫాకైతే నేను తగదంటాను, వంశంలో వచ్చిన టేకు బీరువాకైతే అవునంటాను.

ఆఖరి రెండు దారులు

ద్వారబంధం పీకడం, సోఫా కోయడం. ద్వారబంధం గోడలోకి ఇనుప పట్టీలతో దిగి ఉంటుంది. పీకితే చుట్టూ ప్లాస్టరింగ్ ఊడుతుంది, మళ్లీ పెట్టినా తలుపు మునుపటిలా పడదు. ఇల్లు బాగుచేయిస్తున్న సమయమైతే తప్ప నేను ఒప్పుకోను. అద్దె ఇల్లయితే ఆ మాటే ఎత్తకండి.

సోఫా కోసి తిరిగి కలిపే పనివాళ్లు ఉన్నారు. గుడ్డ పిన్నులు లేపి, చేతి భాగాన్ని ఫ్రేము నుంచి వేరు చేసి, లోపల ఇనుప పట్టీలు, బోల్టులు పెట్టి మళ్లీ కలుపుతారు. కీలు ఎక్కడుందో తెలిసినవాడు కీలు దగ్గర విడదీస్తాడు, తెలియనివాడు చెక్క నడిమికి రంపం పెడతాడు. పని ఒప్పుకునే ముందు ఎక్కడ కోస్తారో చూపించమనండి. చూపించలేకపోతే పంపేయండి. ఆ సోఫాను అమ్మేసి ముక్కలుగా వచ్చే సోఫా కొనుక్కోవడం చాలాసార్లు చవక కూడా.

సోఫా కానివి

స్టీలు బీరువా లోతు తక్కువ కాబట్టి పక్కవాటుగా ఏ గుమ్మంలోనైనా దూరుతుంది, దాని గొడవ మలుపులతోనే. ఫోమ్ పరుపు వంచవచ్చు. స్ప్రింగు పరుపు అంచున ఇనుప తీగ ఉంటే వంచకండి, ఆ వంపు మళ్లీ పోదు. ఫ్రిజ్‌కు తలుపులు తీస్తే కొన్ని సెంటీమీటర్లు కలిసి వస్తాయి, కానీ తలుపు మీద డిస్‌ప్లే గానీ నీళ్ల గొట్టం గానీ ఉంటే మెకానిక్ పని. పక్కకు పడుకోబెట్టక తప్పకపోతే, కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి చేరుతుంది కాబట్టి నిలబెట్టిన వెంటనే స్విచ్ వేయొద్దు. ఎన్ని గంటలు ఆగాలో దాంతో వచ్చిన పుస్తకంలో చూడండి. నిలువు పియానోకు వెడల్పు అడ్డం కాదు, బరువే అడ్డం. 200 కిలోలు దాటేవి మామూలే, అలవాటున్నవాళ్లకే వదిలేయండి.

కొనకముందు అయితే

ఇంకా డబ్బు కట్టకపోతే మీరు చాలా నయమైన చోట ఉన్నారు. గుమ్మం ఒక్కటే కాదు, వీధి గేటు నుంచి గది దాకా లిఫ్టు, మెట్ల మలుపు, కారిడార్ అన్నీ కొలిచి అన్నిట్లోకీ ఇరుకైనది ఏదో పట్టుకోండి. చాలా ఇళ్లలో అది గుమ్మం కాదు, మెట్ల మలుపు. లెక్కలంటే విసుగైతే ఒక అట్ట ముక్కను 10 సెం.మీ.కు 1 సెం.మీ. చొప్పున సోఫా ఆకారంలో కత్తిరించి, అదే కొలతలో గీసిన ఇంటి పటం మీద జరిపి చూడండి. పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఐదు నిమిషాల్లో సంగతి తేలుతుంది.

వడ్రంగిని పిలిచి గదిలోనే మంచమో వార్డ్‌రోబో చేయించుకునేవాళ్లకు లోపలికి తెచ్చే బాధ ఉండదు, బయటికి తీసే బాధ ఉంటుంది. పని మొదలుపెట్టక ముందే గుమ్మం కొలత అతని చేతికిచ్చి, దాన్ని మించే భాగాలను జిగురుతో కాకుండా బోల్టులతో కలపమని చెప్పండి.